కత్తెర కాయ

మా షాపులో కటింగ్ బల్ల కిటికీకి ఆనుకుని ఉంటుంది. పొద్దున తొమ్మిదింటికి వెలుగు సరిగ్గా బల్ల మీద పడుతుంది, మధ్యాహ్నం రెండింటికి గోడ ఎక్కేస్తుంది. ఆ మధ్యలోనే గుడ్డ కోయాలని మా మావయ్య పెట్టిన నియమం. ట్యూబులైటు కింద నలుపుకీ ముదురు నీలానికీ తేడా తెలియదనేవాడు. ఆయన నియమాలు ఇంకా చాలా ఉన్నాయి. గుండుసూదులు నోట్లో పెట్టుకుని మాట్లాడకూడదు. ఆయన మాత్రం మాట్లాడొచ్చు. కత్తెర ఎవరికీ ఇవ్వకూడదు, దాంతో గుడ్డ తప్ప ఇంకేదీ కోయకూడదు. ఒకసారి మా ఆవిడ షాపుకొచ్చి ఆ కత్తెరతో పాలప్యాకెట్టు కోసింది. ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆవిడతో మాత్రం బాగానే మాట్లాడాడు.

ముప్పై ఏళ్ళు ఆయన పక్కన నిలబడి కోట్లు, ప్యాంట్లు కోశాను. సొంత మేనమామే అయినా షాపులో ఆయన మాస్టారు, నేను 'అంగుళం'. చేరిన కొత్తలో గీత గీసినప్పుడల్లా "ఇంకో అంగుళం వదలనా మావా?" అని అడిగి ప్రాణం తీసేవాణ్ణట. పెళ్ళయింది, కూతురికి పెళ్ళి చేశాను, తల నెరిసింది. ఆ పేరు మాత్రం పోలేదు.

కత్తెర కాయ గురించి ముందే చెప్పాలి. పెద్ద కత్తెర బరువంతా బొటనవేలి మొదట్లో ఆనుతుంది. ఏళ్ళ తరబడి అక్కడ రాపిడి పడితే చర్మం మొద్దుబారి కాయ కాస్తుంది. మా పనిలో అది గౌరవం. కొత్త మనిషి పనికోసం వస్తే మావయ్య ఎక్కడ నేర్చుకున్నావని అడిగేవాడు కాదు. చెయ్యి చాపమని, బొటనవేలి కింద నొక్కి చూసేవాడు. కాయ ఉంటే టీ చెప్పేవాడు. లేకపోతే గుమ్మం చూపించేవాడు.

ఆయన కాయ మాత్రం అందరి కాయల్లాంటిది కాదు. బఠాణీ గింజంత మొదలై, ఏళ్ళు గడిచేకొద్దీ నిమ్మకాయంత అయింది. ఎర్రగా, మెత్తగా, వెచ్చగా ఉండేది. నొక్కితే లోపలికి పోయి మళ్ళీ ఉబికేది. మీద వేలు పెడితే కుట్టుమిషను మోటారు మీద పెట్టినట్టు సన్నగా అదిరేది. "చూశారా, నా కాయకి ప్రాణముంది" అని గిరాకీలకు చూపించి నవ్వేవాడు. మేమూ నవ్వేవాళ్ళం. కాయ అన్నది మెత్తగా ఉండదనీ, కొట్టుకోదనీ మాలో ఒక్కడికీ తట్టలేదు. బయటివాడెవడైనా అయితే భయపడి డాక్టరు దగ్గరికి పరిగెత్తేవాడు. మాకు అది పెద్దరికం.

నిరుడు ఒక పొద్దున, ఆ బల్ల దగ్గరే, కత్తెర మొన తగిలి అది పగిలింది. ఆయన గుండెజబ్బుకి రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాడు. ఇక చెప్పేదేముంది... ఆ చేతిని గుడ్డతో గట్టిగా నొక్కిపట్టుకునే ఆస్పత్రికి తీసుకెళ్ళాను. రెండో రోజు సాయంత్రం గుండె ఆగిపోయింది. "నువ్వు వెంటనే పట్టుకున్నావు కాబట్టి ఆ రెండు రోజులైనా ఉన్నాడు" అని వచ్చినవాళ్ళందరూ నా భుజం తట్టారు. నేను తల ఊపాను.

ఆరు నెలలు తిరగకుండా నా బొటనవేలి కింద కాయ మెత్తబడింది.

ఎవరికీ చెప్పలేదు. చొక్కా చేతులు కిందికి లాగి తిరిగాను. ఒక రాత్రి నిద్రలో నా చెయ్యి మా ఆవిడ చెంప మీద పడింది. ఆవిడ దిగ్గున లేచి కూర్చుంది.

"ఏమండీ, మీ చేతిలో ఏదో గుర్రుమంటోంది."

మర్నాడు పొద్దున ఇక నా మాట చెల్లలేదు.

చేతుల ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ సన్నగా, పొట్టిగా, మాటల్లో చాలా పొదుపుగా ఉండే మనిషి. స్టెతస్కోపు నా గుండె మీద కాకుండా అరచేతి మీద పెట్టింది. కాసేపు విని, అది నా చెవులకి తగిలించింది. తలుపు సందులోంచి ఈదురుగాలి దూరుతున్న చప్పుడు. ఆగి, మళ్ళీ దూరి, ఆగి, మళ్ళీ. నా చేతిలోనే.

"ఇది కాయ కాదండీ" అంది. "గుండె నుంచి రక్తం తెచ్చే నాళాలు వేరు, తిరిగి తీసుకెళ్ళే నాళాలు వేరు. మధ్యలో జల్లెడలాగా సన్నటి నాళాలుంటాయి. మీకు ఇక్కడ ఆ జల్లెడ లేదు. వచ్చేదీ పోయేదీ నేరుగా ముడిపడిపోయాయి. అందుకే ఈ జోరు."

"అంటే దారం చిక్కుపడినట్టు."

"అంతే."

"అయితే మొదట్లో ఒక ముడి వేసేస్తే సరిపోతుంది కదమ్మా."

"అలా చేస్తే ఇంకా పెరుగుతుంది. ఒక దారి మూస్తే నాలుగు దారులు వెతుక్కుంటుంది. చిక్కంతా తీసేయాలి. పిసరంత మిగిలినా మళ్ళీ వస్తుంది. వదిలేస్తే మాత్రం ఏదో ఒక రోజు పగులుతుంది."

మా ఆవిడ నా వైపు చూడకుండా అడిగింది. "మరి బొటనవేలు?"

డాక్టరమ్మ చేతిని వెలుతురుకి తిప్పి చూసింది. "దానికి వెళ్ళే రక్తం కూడా ఈ చిక్కులోంచే పోతోంది. కాపాడాలనే చూస్తాను" అంది.

ఇంటికొచ్చే దారంతా అదే ఆలోచన. నాకు వచ్చిన పని ఒక్కటే. బొటనవేలు లేని కటింగ్ మాస్టరు కత్తెర పట్టలేడు, సుద్ద పట్టలేడు, గుండీ కూడా కుట్టలేడు. ఈ వయసులో వేరే పని నేర్పేవాడెవడు? నాకు భయం వేసింది. సిగ్గులేకుండా చెబుతున్నాను, మావయ్య పోయినప్పటికంటే ఎక్కువ భయం వేసింది.

దెయ్యం కథల్లో అమావాస్య తప్పనిసరి. నాకు జరిగింది పొద్దున పదింటికి, గదినిండా లైట్లుండగా, ఐదుగురు మనుషుల మధ్యలో.

ఆపరేషన్ గదికి కిటికీల్లేవు. స్పిరిట్ వాసన, ఉతికి ఇస్త్రీ చేసిన గుడ్డల వాసన. చలి. నన్ను బల్ల మీద పడుకోబెట్టారు. మత్తు డాక్టరు బొద్దుగా, సరదాగా ఉన్నాడు. "మాస్టారూ, మీకు చెయ్యి ఒక్కటే మత్తు. మీరు మెలకువగానే ఉంటారు, నాతో కబుర్లు చెప్పుకోవచ్చు" అన్నాడు. నా కుడిచేతిని పక్కకి చాపి, మోచెయ్యి దగ్గర వంచి, అరచెయ్యి పైకప్పు వైపు వచ్చేలా తల పక్కన ఎత్తిపెట్టించాడు. క్లాసులో జవాబు తెలిసిన పిల్లాడు చెయ్యెత్తినట్టు ఉన్నాను. చంకలో సూది గుచ్చాడు. చెయ్యి వెచ్చబడింది, బరువెక్కింది, తిమ్మిరెక్కింది, తర్వాత ఏమీ లేదు.

"ఇప్పుడు మీ చెయ్యి ఎక్కడుంది?" అని అడిగాడు.

"మీరు పెట్టిన చోటే. పైన."

"ఓసారి చూడండి."

తల తిప్పి చూశాను. నా చెయ్యి పక్కబల్ల మీద చాపి ఉంది. ఎవరో దానికి ఎర్రటి మందు పూస్తున్నారు. నాకేమో అది ఇంకా నా తల పక్కన, గాలిలో, వేళ్ళు విప్పుకుని నిలబడి ఉంది. వేళ్ళ మధ్య చల్లగాలి కూడా తెలుస్తోంది.

ఆయన నవ్వాడు. "అందరికీ ఇంతే. మత్తెక్కేముందు మెదడుకి అందిన ఆఖరి కబురు అది. మళ్ళీ కబురొచ్చేదాకా అదే నమ్ముతుంది. లేని చెయ్యి అది, పట్టించుకోకండి."

నాకూ చేతికీ మధ్య పచ్చగుడ్డ తెర కట్టారు. దండచేతికి పట్టీ కట్టి గాలి నింపారు. ఇక చేతిలోకి చుక్క రక్తం వెళ్ళదని, రెండు గంటల్లోపు పని ముగించి గాలి వదలాలని సిస్టరు చెప్పింది. నా ఎడమచేతి వేలికి క్లిప్పు తగిలించారు. తల వెనక మిషను టిక్, టిక్ మని నా గుండెను లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

తెర అవతల పనిముట్లు చప్పుడు చేశాయి. కాసేపటికి ఏదో కాలుతున్న వాసన. డాక్టరమ్మ ఒక్కొక్కటే అడిగి అందుకుంటోంది. నేను పైకప్పు చూస్తూ పడుకున్నాను. మత్తు డాక్టరు కోటు కుట్టించుకోవాలని చాలాకాలంగా అనుకుంటున్నానన్నాడు. మీ నడుముకి రెండు గుండీల కోటు బాగుండదు సార్ అన్నాను. నోటికి కూడా మత్తివ్వాల్సింది అని అందరూ నవ్వారు.

"అరగంట" అంది సిస్టరు.

అప్పుడు నా చెయ్యి ఎవరో పట్టుకున్నారు.

తెర అవతల ఉన్న చెయ్యి కాదు. పైన ఉన్నది. లేనిది.

మొదట నెమ్మదిగా. నాలుగు వేళ్ళు నా వేళ్ళ మధ్య దూరాయి. తర్వాత బిగిశాయి. తల తిప్పి చూశాను. నా చెంప పక్కన గాలి తప్ప ఏమీ లేదు. మీద లైటు, దాని చుట్టూ ఏదో సన్నటి దుమ్ము.

"సిస్టర్..."

"ఏంటి మాస్టారూ?"

"నా చెయ్యి ఎవరో పట్టుకున్నారు."

"అవునండీ. అసిస్టెంటు డాక్టరుగారు పట్టుకున్నారు. కదలకుండా ఎవరో ఒకరు పట్టుకోవాలి కదా."

"ఆ చెయ్యి కాదమ్మా. ఈ చెయ్యి."

కళ్ళతో గాలిలోకి చూపించాను. ఆవిడ అటు చూసి, నా ముక్కు దగ్గర ట్యూబు సర్ది, "అలాగే అనిపిస్తుందిలెండి" అంది. నొప్పి ఉందా అని మత్తు డాక్టరు అడిగాడు. లేదన్నాను. అయితే మంచిదేగా అన్నాడు. ఏం చెప్పమంటారు? లేని చేతిని లేని మనిషి పట్టుకున్నాడంటే ఎవరు నమ్ముతారు? మందు ప్రభావం అనుకున్నాను. కళ్ళు మూసుకున్నాను.

కళ్ళు మూసుకుంటే ఇంకా బాగా తెలిసింది.

పొడిగా లేదు ఆ చెయ్యి. తడిగా ఉంది. వెచ్చగా, జిగటగా. చూపుడువేలి కొస సూదిపోట్లతో గరుకుగా నా వేళ్ళకి తగిలింది. అది దర్జీ చెయ్యి. నా ప్రాణాలు అక్కడే సగం పోయాయి. అయినా నా చెయ్యి నా మాట వినలేదు, ముప్పై ఏళ్ళ అలవాటు కొద్దీ పని చేసుకుపోయింది. వేళ్ళు విడిపించుకుని మణికట్టు చుట్టూ వేసి కొలిచింది. నేను టేపు లేకుండా వేళ్ళతో మణికట్టు కొలిస్తే పావు అంగుళం కూడా తేడా రాదు. ఏడుంపావు. కుడి మణికట్టు.

ఏడుంపావు కుడి మణికట్టు, ఏడు ఎడమ మణికట్టు ఉన్న మనిషిని నా జీవితంలో ఒక్కణ్ణే ఎరుగుదును. ఆయన చొక్కాలన్నిటికీ కుడి కఫ్ పావు అంగుళం ఎక్కువ పెట్టింది నేనే. కాయ పెరిగేకొద్దీ ఆ చెయ్యంతా లావెక్కింది.

"మావా..." అన్నాను.

నా అరచేతికి ఆయన అరచెయ్యి ఆనింది. బొటనవేలి మొదట్లో ఏదో మెత్తగా అదురుతోంది. గుర్... గుర్... గుర్.

తెర అవతల డాక్టరమ్మ గొంతు మారింది. "ఇదేంటి? పట్టీలో గాలి ఉందా?"

"ఉంది మేడమ్. సరిగ్గానే ఉంది."

"మరి ఇది ఎందుకు కొట్టుకుంటోంది?"

మత్తు డాక్టరు లేచి వెళ్ళి పట్టీ చూశాడు, మిషను చూశాడు. రక్తం ఒక్క చుక్క కూడా వెళ్ళని చేతిలో, ఆ చిక్కు కొట్టుకుంటోంది. నా తల వెనక మిషను వేగంగా టిక్కుటిక్కుమంటోంది. లోపల అదురుతున్నది మాత్రం దానితో కలవడం లేదు. అది చాలా నిదానంగా ఉంది.

పైన పట్టు బిగిసింది. ఎముకలు నలిగేటంత.

"గంట" అంది సిస్టరు.

"మాస్టారూ, వింటున్నారా?" డాక్టరమ్మ తెర మీదుగా పిలిచింది. "బొటనవేలికి వెళ్ళే రెండు నాళాలూ చిక్కులోనే కలిసిపోయాయి. వాటిని ఉంచితే ఇది మళ్ళీ వస్తుంది. తీసేస్తే వేలు... వెనకవైపు నుంచి ఏవైనా సన్నటి నాళాలుంటే బతుకుతుంది. మీరే చెప్పాలి."

నేను నోరు తెరిచాను. అప్పుడు నా చెవి పక్కన, దిండు మీదే తల పెట్టుకున్నంత దగ్గరగా, ఊపిరి తగిలింది. గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని మాట్లాడేవాళ్ళ గొంతు.

"ఒరేయ్ అంగుళం... గుడ్డ తీశావా?"

ఏ గుడ్డో నాకు తెలుసు.

కాయ పగిలిన రోజు బల్ల మీద ఒక పెళ్ళికొడుకు కోటు గుడ్డ పరిచి ఉంది. మీగడ రంగు ఉన్ని గుడ్డ. నాలుగు మీటర్లు. ఎంత వెతికినా అలాంటిది మళ్ళీ దొరకదు. మావయ్య చేతిలోంచి రక్తం చిమ్మినప్పుడు ఆయన చెయ్యి నా వైపు చాపి "పట్టుకోరా" అన్నాడు. నేను ముందు గుడ్డ పట్టుకున్నాను. మరక పడకుండా రెండు చేతులతో చుట్టాను. మడత పెట్టాను. అల్మైరా తెరిచి పై అరలో పెట్టాను, తలుపు వేశాను. అప్పుడు తిరిగాను. అర నిమిషం ఉంటుందేమో. ఆయన అలాగే చెయ్యి చాపుకుని నన్నే చూస్తూ ఉన్నాడు. కోపం కూడా లేదు ఆ కళ్ళలో. తర్వాత వెంటనే పట్టుకున్నానని అందరికీ చెప్పాను. మా ఆవిడకి కూడా.

"లేదు మావా" అన్నాను గాలితో. "ముందు నీ చెయ్యే పట్టుకున్నాను."

పట్టు ఇంకా బిగిసింది. తెర అవతల ఎవరో "అయ్యో" అన్నారు. ఏదో నేల మీద పడింది. "సక్షన్... సక్షన్ పెట్టు, రక్తం పీల్చు" అంటోంది డాక్టరమ్మ. "ఎక్కడి నుంచి వస్తోంది ఇదంతా?"

"మావా, వదులు... నీకు దణ్ణం పెడతాను..."

"గుడ్డ తీశావా?"

"తీశాను." ఏడుపొచ్చేసింది. "తీశాను మావా. ముందు గుడ్డే తీశాను. మరక పడుతుందని... నీ చెయ్యి తర్వాత పట్టుకున్నాను. నేను... నేనే..."

మత్తు డాక్టరు నా నుదుటి మీద చెయ్యి వేశాడు. "ఏం లేదు, ఏం లేదు. ఎవరితో మాట్లాడుతున్నారు మాస్టారూ?"

పైన ఉన్న చెయ్యి కాసేపు అలాగే ఉంది. తర్వాత నెమ్మదిగా పట్టు సడలింది. వదల్లేదు. సడలింది, అంతే. రోడ్డు దాటించేటప్పుడు పిల్లల చెయ్యి పట్టుకుంటామే, అలా పట్టుకుంది.

"రక్తం ఆగింది" అంది డాక్టరమ్మ. మళ్ళీ నన్ను పిలిచింది. "మాస్టారూ, ఏం చేయమంటారు?"

"అంతా తీసేయండమ్మా."

రెండు గంటలు కావడానికి ఇంకా పది నిమిషాలుందనగా పట్టీలో గాలి వదిలారు. నాలుగు వేళ్ళు ఎర్రబడ్డాయని ఎవరో అన్నారు. బొటనవేలు మాత్రం మైనంలా తెల్లగా ఉందట. వేడినీళ్ళ గుడ్డలు కప్పి ఎదురుచూశారు. రెండు నిమిషాలు. ఐదు నిమిషాలు. ఎనిమిదో నిమిషంలో సిస్టరు చిన్నగా అరిచింది. వేలు గులాబీ రంగుకి తిరిగింది.

నేను గట్టిగా ఏడ్చేశాను. సంతోషంతో అనుకున్నారు. అదీ కొంత నిజమే.

సాయంత్రానికి మత్తు దిగింది. వార్డులో మంచం మీద పడుకుని, గాలిలో ఉన్న చెయ్యి కిందికి దిగి రావడం గమనిస్తున్నాను. ముందు చిటికెన వేలు చిమచిమలాడుతూ కట్టులోకి వచ్చి కూర్చుంది. తర్వాత ఉంగరం వేలు, మధ్యవేలు, చూపుడువేలు. నొప్పి మొదలైంది. నొప్పి అంత హాయిగా ఉంటుందని నాకు తెలియదు.

బొటనవేలు రాలేదు. అది ఇంకా నా తల పక్కనే, పైనే ఉంది. ఎవరో దాన్ని వెచ్చగా పట్టుకునే ఉన్నారు.

డాక్టరమ్మ వచ్చింది. కట్టులోంచి బయటికి కనబడుతున్న వేలికొసలు చూసింది, బొటనవేలు నొక్కింది. మా ఆవిడ చేతులు జోడించింది. డాక్టరమ్మ ముఖంలో మాత్రం సంతోషం లేదు.

"అబద్ధం చెప్పను" అంది. "రెండు నాళాలూ తీసేశాను. వెనకవైపు కూడా వెతికాను, ఏమీ లేదు. లెక్క ప్రకారం ఈపాటికి ఈ వేలు నల్లబడాలి. రక్తం ఎక్కడి నుంచి వస్తోందో నాకు తెలియడం లేదు."

"ఎక్కడి నుంచి వస్తే ఏంటమ్మా, వచ్చింది కదా!" అంది మా ఆవిడ.

"అది ఆగకూడదు. అది కొట్టుకున్నంతసేపే వేలు ఉంటుంది. గంటకోసారి చూస్తారు."

డాక్టరమ్మ వెళ్ళాక, మా ఆవిడ చెంబు కడగడానికి బయటికి వెళ్ళాక, గోడ వైపు తిరిగి గుసగుసగా అన్నాను. "వదలకు మావా."

వేలి చుట్టూ వెచ్చదనం అలాగే ఉంది.

వార్డు సిస్టరు పెన్నులాంటి చిన్న మిషను తెచ్చింది. దాని మొన బొటనవేలికి ఆనిస్తే లోపల రక్తం పారే చప్పుడు బయటికి వినిపిస్తుంది. శుష్... శుష్... శుష్. ఆవిడ గడియారం చూస్తూ లెక్కపెట్టింది. యాభై రెండు. మంచం పక్కన పెద్ద మిషను మీద నా గుండె ఎనభై ఎనిమిది.

"ఇది పాడైనట్టుంది" అని చిన్న మిషనును అరచేతిలో తట్టింది. ఇంకొకటి తెచ్చింది. అదీ యాభై రెండే.

ఆ అంకె నాకు తెలుసు. మావయ్య మంచం పక్కన ఆ రెండో రోజంతా కూర్చుంది నేనే. ఆయన తల వెనక పచ్చటి అంకెలు తప్ప చూడటానికి ఇంకేమీ లేదు. పొద్దున్నే యాభై రెండు. టిఫిన్ వేళకి నలభై ఎనిమిది.

మర్నాడు పొద్దున సిస్టరు లెక్కపెడితే నలభై ఎనిమిది. డాక్టరమ్మను పిలిచారు. ఆవిడ తనే మొన ఆనించి, కళ్ళు మూసుకుని, నిమిషం పాటు విన్నది. పెద్ద మిషను మీద ఎనభై నాలుగు. ఒకే మనిషిలో రెండు లెక్కలు ఉండవని నాకు కూడా తెలుసు. ఆవిడ నా కళ్ళలోకి చూసింది. చెయ్యి తీసేసి, వేళ్ళు కోటుకి గట్టిగా తుడుచుకుంది. నా వేలు పొడిగానే ఉంది.

"దీన్ని చార్టులో రాయకండి" అని సిస్టరుతో చెప్పి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నానికి నలభై ఆరు.

మా ఆవిడ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, కూతురితో ఫోనులో నవ్వుతూ మాట్లాడుతోంది. "మీ నాన్న వేలు నిక్షేపంలా ఉంది. వచ్చే నెలకల్లా కత్తెర పట్టుకుని నా ప్రాణం తీస్తారు" అంటోంది. కిటికీలోంచి ఎండ మంచం మీద పడింది. నాకు చలిగా ఉంది. దుప్పటి కప్పమని అడగాలనుకున్నాను, నోరు పెగల్లేదు. ఏదో బరువు. నిద్ర కాదు.

మూడింటికి సిస్టరు వచ్చింది. బొటనవేలికి మొన ఆనించింది. శుష్... చాలాసేపు... శుష్... లెక్కపెడుతూ పెద్ద మిషను వైపు చూసింది. మళ్ళీ గడియారం చూసింది. ముఖం విప్పారింది.

"హమ్మయ్య! మిషను బాగైంది మాస్టారూ. ఇప్పుడు రెండూ కలిశాయి."

తల తిప్పి చూశాను. పచ్చటి అంకెలు. నలభై నాలుగు.

ఎడమచెయ్యి గుండె మీద వేసుకున్నాను. శుష్ అన్నప్పుడే అదీ కొట్టుకుంటోంది. ఒక్క పిసరు ముందూ లేదు, వెనకా లేదు. మావా అని పిలవబోయాను. వేలి చుట్టూ పట్టు వెచ్చగా, భద్రంగా ఉంది. వదలొద్దని నేనే కదా అడిగాను.

సిస్టరు చార్టులో రెండు గళ్ళలోనూ నలభై నాలుగు రాసి, గంట తర్వాత మళ్ళీ వచ్చి చూస్తానంది. మావయ్య పోయిన సాయంత్రం ఆయన మిషను మీద నలభై నాలుగు తర్వాత ఏ అంకె వచ్చిందో చూసింది నేనొక్కణ్ణే.